బెంచి మీది మాస్టారి బదిలీ

ఓడిపోవడం నాకు కొత్త కాదు. కెనడా వచ్చి గ్వెల్ఫ్‌లో చదువుకునే రోజుల్లో, ఆరుగురం కలిసి ఉండే అద్దె ఇంట్లో, ఎవరో వీధిలో పారేస్తే మోసుకొచ్చుకున్న సోఫా మీద కూర్చుని ఇక్కడి బాస్కెట్‌బాల్ జట్టొకదాని ఆట చూడటం మొదలుపెట్టాను. ఇన్నేళ్లలో ఓటమి విషయంలో నాకు మంచి అనుభవమే వచ్చింది. బాగా ఆడి ఓడటం చూశాను, బాగా ఆడక ఓడటం చూశాను, గెలిచిపోయిన ఆటను చివరి నిమిషంలో తీసుకెళ్లి అవతలివాళ్ల చేతిలో పెట్టి రావడమూ చూశాను. ఓడాలనే ఓడటం మాత్రం మొన్నటి చలికాలమే చూశాను.

జట్టు పేరు రాయను. రాస్తే ప్రచారం చేసినట్టవుతుంది. నాకు ఆ ఉద్దేశం లేదు.

ఈ ఆటలో ఒక నియమం ఉంది. ఏడాది చివర పట్టికలో అట్టడుగున మిగిలినవాళ్లకు, మరుసటి ఏడాది కొత్తగా వచ్చే కుర్రాళ్లలో మేటివాణ్ణి ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువగా దక్కుతుంది. బలహీనులను పైకి తేవాలన్న సదుద్దేశంతో పెట్టిన నియమం. సదుద్దేశంతో పెట్టిన నియమాలకు మామూలుగా జరిగేదే దీనికీ జరిగింది. మా జట్టు యాజమాన్యం పట్టికను కింది నుంచి చదవడం మొదలుపెట్టింది. నేను ఇంటర్మీడియట్ రెండేళ్లూ విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివినవాణ్ణి. నోటీసు బోర్డు మీద ర్యాంకుల కాగితం అంటిస్తే పేరును పై నుంచి వెతుక్కోవాలని మాత్రమే మాకు నేర్పారు. చివరి ర్యాంకు కోసం ఇంతమంది పెద్దలు, ఇంత జీతం తీసుకుని, ఇంత క్రమశిక్షణతో పాటుపడటం చూసి నా మనసు కాస్త నొచ్చుకుంది. 'కాస్త' అన్న మాటను నా భార్య ఒప్పుకోదు. ఆ చలికాలమంతా నేను టీవీతో కొట్లాడానని ఆమె వాదన.

ఆ నవంబరులో మా అత్తగారు రిచ్‌మండ్ హిల్‌లోని మా ఇంటికి వచ్చారు. ఏప్రిల్ దాకా ఉండాలని టికెట్టు.

అత్తగారు రిటైరైన హెడ్మిస్ట్రెస్. పశ్చిమ గోదావరి జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పనిచేశారు. ఎన్ని స్కూళ్లని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో విసుగొచ్చి, "వాళ్లు తిప్పినన్ని" అంటారు. ఉపాధ్యాయ సంఘంలో కూడా పనిచేశారు. ఆవిడ గేటు దాటి వస్తుంటే కిటికీలోంచి చూసి డీఈవో ఆఫీసు గుమస్తాలు టీకి వెళ్లిపోయేవారని నా భార్య చెబుతుంది. అంతమందిని నిలదీసిన మనిషి, అల్లుడితో మాత్రం నేరుగా మాట్లాడేవారు కాదు. అది ఆవిడ పద్ధతి. "బాబు భోంచేస్తారేమో కనుక్కో" అని, నేను అడుగు దూరంలో ఉండగా, కూతురితో అనేవారు. నేనూ "ఇప్పుడే వద్దన్నానని చెప్పు" అనేవాణ్ణి. మధ్యలో నా భార్య టెలిఫోన్ ఎక్స్చేంజిలా ఉండేది. పెళ్లయినప్పటి నుంచీ ఈ లైను అలాగే నడుస్తోంది.

మా టీవీ బేస్‌మెంట్లో ఉంది. బట్టలు ఉతికే మెషీనూ, ఆరబెట్టే డ్రయ్యరూ అక్కడే ఉన్నాయి. అత్తగారు వచ్చాక ఇంట్లో బట్టల మడతలు ఆవిడ చేతిలోకి వెళ్లాయి. అడ్డుపడే ధైర్యం ఎవరికీ లేదు. ఒక సాయంత్రం నేను ఆట చూస్తుంటే, ఆవిడ వెనక మెట్ల మీద కూర్చుని టవల్స్ మడతపెడుతున్నారు. కాసేపటికి వెనక నుంచి మాట వినిపించింది.

"ఆ మోకాలికి పట్టీ వేసుకున్నాయన్ని ఎందుకు ఆడనివ్వట్లేదో బాబుని అడుగు."

నా భార్య పైన ఫోన్లో ఉంది. మా అమ్మాయి స్కూల్ బ్యాండ్ ప్రాక్టీసుకి వెళ్లింది. బేస్‌మెంట్లో ఉన్నది మేమిద్దరం, డ్రయ్యరూ. ప్రశ్న డ్రయ్యర్‌కి వేసినట్టుంది కాబట్టి నేనూ దాని వైపే తిరిగి జవాబు చెప్పాను.

"ఆయన వయసైపోయిన ఆటగాడండీ. బెంచి మీదే ఉంటాడు. అవసరమైతే దింపుతారు."

"అవసరం కనపడుతూనే ఉంది కదా," అన్నారు అత్తగారు. స్కోరు చూస్తే కాదనలేకపోయాను.

ఆయన జట్టులో అందరికన్నా పెద్దవాడు. ముప్పై దాటి కొన్నేళ్లయింది. ఆటల లెక్కలో అది షష్టిపూర్తి వయసు. దింపినప్పుడు గొప్పగా ఏమీ చేసేవాడు కాదు. తనవాళ్లకి దారి దొరికేలా అవతలివాడికి అడ్డంగా నిలబడేవాడు. బంతి బాస్కెట్లో పడితే ఆ పేరు మరొకరికి వెళ్లేది. ఎవరైనా కింద పడితే లేపడానికి ముందు చెయ్యి అందించేది ఆయనే. బెంచి మీద ఉన్నప్పుడు కూడా ఊరుకునేవాడు కాదు. లేచి నిలబడి, లోపలున్న కుర్రాళ్లకి ఎక్కడ నిలబడాలో వేలు చూపించి చెబుతుండేవాడు. వాళ్లు తప్పు చోట నిలబడితే నుదుటి మీద అరచేయి పెట్టుకునేవాడు.

"మాస్టారు," అన్నారు అత్తగారు. ఆయన పేరు అంతే. అసలు పేరు నేను రెండు మూడుసార్లు చెప్పాను. ఆవిడ విని, తల ఊపి, మళ్లీ మాస్టారనే అన్నారు.

డిసెంబరు నాటికి అత్తగారు మెట్ల మీద నుంచి సోఫా అవతలి చివరకి వచ్చారు. ప్రశ్నలు డ్రయ్యర్ మీదుగా కాకుండా నేరుగా రావడం మొదలైంది. నా భార్య ఒకరోజు కిందికి వచ్చి మమ్మల్నిద్దర్నీ చూసి పైకి వెళ్లిపోయింది. ఎక్స్చేంజి మూతపడినందుకు సంతోషించిందో నొచ్చుకుందో తెలియదు.

జనవరిలో గట్టి జట్లతో వరసగా ఆటలు పడ్డాయి. పట్టికలో పైనున్నవాళ్లు, ఆ కింద ఉన్నవాళ్లు, నిరుడు కప్పు కొట్టినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మీద పడ్డారు. ఆ వారాల్లో మావాళ్లు ఓడిన తీరు చూసి నాకు తెలిసిన తిట్లు అయిపోయి, చిన్నప్పటివి గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. ఒక ఆట మాత్రం మర్చిపోలేను. పడమటి నుంచి వచ్చిన పెద్ద జట్టు మీద మావాళ్లు పొరపాటున ముందుకు వెళ్లిపోయారు. మాస్టారు లోపల ఉన్నాడు, కుర్రాళ్లు చెప్పినచోట నిలబడుతున్నారు, బంతి పడుతోంది. మూడో క్వార్టర్ అయ్యేసరికి కోచ్ మాస్టారినీ, బాగా ఆడుతున్న మరో ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టాడు. మళ్లీ దింపలేదు.

"బాబూ, గెలుస్తుంటే వాళ్లనెందుకు కూర్చోబెట్టారు?"

"విశ్రాంతి అంటారండీ."

"గెలిచాక తీసుకోవచ్చు కదా విశ్రాంతి."

నేను నియమం గురించి చెప్పాను. అడుగున ఉంటే మంచి కుర్రాడు దొరుకుతాడని, అందుకని కొన్ని జట్లు ఇలా చేస్తాయని చెప్పాను. అత్తగారు టీవీ వైపే చూస్తూ విన్నారు.

"అంటే కావాలని తప్పుతున్నారా?"

"అలా అనరండీ. పునర్నిర్మాణం అంటారు."

"పరీక్షలో తెల్లకాగితం ఇచ్చి వచ్చినవాణ్ణి మేం ఏమనేవాళ్లమో తెలుసా బాబూ?" అన్నారు. ఏమనేవారో చెప్పలేదు. హెడ్మిస్ట్రెస్ కదా, సంస్కారం అడ్డొచ్చినట్టుంది.

ఆ తర్వాత పుకార్లు మొదలయ్యాయి. ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం వరకు జట్లు తమ ఆటగాళ్లను ఒకరికొకరు మార్చుకోవచ్చు. దాన్ని ట్రేడ్ డెడ్‌లైన్ అంటారు. అంతకు ముందు నెల రోజులు, ఎవరు ఎక్కడికి పోతారో ఊహించి చెప్పడమే వృత్తిగా బతికే పెద్దమనుషులు కొందరున్నారు. వీళ్ల భాషే వేరు. ఆటగాణ్ణి వీళ్లు మనిషి అనరు, 'అసెట్' అంటారు. పొలం, ప్లాటు, బంగారం లాగా. 'ఆసక్తి ఉన్నట్టు తెలుస్తోంది' అంటారు. ఎవరికి, ఎందుకు అని అడగకూడదు. నేను ఐటీలో ఉద్యోగం చేస్తాను. ఆధారం లేకుండా ధైర్యంగా మాట్లాడటం మా వృత్తిలో కూడా ఉంది. మేం కనీసం దానికి స్లైడ్లు తయారు చేస్తాం.

నాతో పాటు రైలు స్టేషన్ దాకా కారు పంచుకునే కరీంనగర్ కుర్రాడొకడున్నాడు. పుకార్లు నాకు అందేది అతని ద్వారానే. పొద్దున్నే కారెక్కి, సీటు బెల్టు పెట్టుకోకముందే మొదలుపెట్టేవాడు.

"అన్నా, మీ మాస్టారు పేరు నడుస్తున్నది."

"ఎవరన్నారు?"

"సోర్స్ గట్టిదే అన్నా. ఎవరో ఫోన్ చేసిన్రంట, మనోళ్లు ఎత్తిన్రంట."

"ఫోన్ ఎత్తడం కూడా వార్తేనా?"

"డెడ్‌లైన్ ముంగట ఎత్తితే వార్తనే మరి. ఉత్తప్పుడైతే కస్టమర్ కేర్."

సాయంత్రం ఇంటికొచ్చి ఈ మాట అత్తగారికి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "బదిలీల సీజన్లో ఇంతే బాబూ. లిస్టు రాకముందే లిస్టు వస్తుంది. ఎక్కడి నుంచి వస్తుందో ఎవరికీ తెలీదు. నిజం మాత్రం అవుతుంది," అన్నారు. కాసేపాగి, "ఆయన్ని అడిగారా?" అన్నారు.

"ఎవర్నండీ?"

"మాస్టార్ని. వెళ్తావా అని."

"అడగరండీ. కాంట్రాక్టు అలా ఉంటుంది."

అత్తగారు అప్పుడు తన సంగతి ఒకటి చెప్పారు. ఒక ఊళ్లో పదో తరగతికి లెక్కలు చెబుతుండగా, డిసెంబరులో, ఆవిడ పోస్టును, పిల్లల సంఖ్యను బట్టి పోస్టులు సర్దే హేతుబద్ధీకరణలో ఎత్తేసి ఏజెన్సీ సరిహద్దులో ఒక స్కూలుకి వేశారట. త్రికోణమితి సగంలో ఉంది. పిల్లలు బస్సు దాకా వచ్చారట. "ఏడవలేదు వాళ్లు. మిగతా సగం ఎవరు చెబుతారని అడిగారు," అన్నారు. ఇదంతా ఆవిడ చాలా మామూలుగా, దిండు గలీబు మడతపెడుతూ చెప్పారు. నేను టీవీ సౌండు పెంచాను.

ఆ వారాంతంలో ఒక ఆట మధ్య విరామంలో టీవీవాళ్లు మాస్టారి ఇల్లు చూపించారు. ఆయన భార్య నగరంలోనే ఒక ఆస్పత్రిలో నర్సు. కూతురు ఒకటో తరగతి. ఆ పాప తండ్రి బూట్లలో రెండు కాళ్లూ పెట్టుకుని నడుస్తోంది. అత్తగారు ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నారు.

"ఇంకేం. స్పౌజ్ కేసు," అన్నారు.

ఆంధ్రాలో టీచర్ల బదిలీల గురించి తెలియనివారికి ఒక మాట. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఇద్దర్నీ ఒకే చుట్టుపక్కల ఉంచాలని అక్కడ ఒక పద్ధతి ఉంది. దానికి పాయింట్లు కలుపుతారు. ఆ పాయింట్ల కోసం అత్తగారు ఎన్నో కేసులు వాదించి గెలిచారు. ఇప్పుడు ఆవిడకి మాస్టారి కేసు కనపడింది.

"విద్యాసంవత్సరం మధ్యలో పిల్లను కదపకూడదు. భార్య ఉద్యోగం ఇక్కడ. సీనియారిటీ ఉంది. ఆరోగ్య కారణం కూడా ఉంది, మోకాలు. ఇన్ని ఉంటే రిప్రజెంటేషన్ పెట్టకుండా ఎలా ఊరుకుంటాం బాబూ?"

"అత్తయ్యగారూ, ఇక్కడ జీవోలు ఉండవండీ."

"ఏదో ఒకటి ఉంటుంది. వినతి చెయ్యకుండానే తిరస్కరించారని మనమే అనేసుకుంటే ఎలా?"

ఇది సాక్షాత్తూ నా ఇంట్లో, నా కళ్ల ముందే జరిగింది. ఆవిడ తెలుగులో చెబుతుంటే మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంగ్లిష్‌లో టైప్ చేసింది. పదమూడేళ్ల పిల్ల. "అమ్మమ్మా, దే వోంట్ ఈవెన్ రీడ్ దిస్," అంది. "చదవకపోతే రిమైండర్ పెడదాం. నువ్వు త్రూ ప్రాపర్ ఛానల్ అని పైన రాశావా లేదా?" అన్నారు అత్తగారు. ప్రాపర్ ఛానల్ అంటే ఏమిటో మా అమ్మాయికి అర్థం కాలేదు. నేను వివరించబోయి, నాకూ అంత స్పష్టంగా తెలియదని గ్రహించి ఊరుకున్నాను.

సంతకాలు కావాలన్నారు. మరుసటి శనివారం మా వీధి చివర ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం పంచేవేళ అత్తగారు కాగితం పట్టుకుని బయల్దేరారు. పెద్దావిడ పెన్ను చేతికిస్తే కాదనేవాళ్లెవరు? ఎడమచేతిలో ప్రసాదం కప్పు పట్టుకుని అందరూ వరసగా సంతకాలు పెట్టారు. అందులో ఆ జట్టు ఆట ఒక్కసారైనా చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఒకాయన సంతకం చేసి, "కమ్యూనిటీ సెంటర్లో హాలు మనకివ్వట్లేదనేనా ఆంటీ?" అని అడిగాడు. "కాదు నాయనా, మాస్టారి బదిలీ," అన్నారు. "అయ్యో పాపం, ఏ సబ్జెక్టు?" అన్నాడాయన, నిజమైన బాధతో.

నేను ఒక మూల నిలబడి నవ్వుకుంటున్నాను. కాగితం నా దగ్గరికీ వచ్చింది. పైనుంచి కింది దాకా చదివాను. చదివితే అందులో నవ్వాల్సిందేమీ కనపడలేదు. మనిషిని అడగకుండా పంపకండి, పిల్ల చదువు మధ్యలో ఆపకండి, కుర్రాళ్లకి నేర్పేవాణ్ణి తీసేస్తే ఎవరు నేర్పుతారు అని మూడు ముక్కలున్నాయి. సంతకం పెట్టాను. ఒకచోట కామా కూడా సరిచేశాను.

దాన్ని స్కాన్ చేసి జట్టువాళ్ల ఈమెయిల్‌కి పంపాం. జవాబు వెంటనే వచ్చింది. మీ అభిమానానికి ధన్యవాదాలు, మీలాంటివారు మాకు కుటుంబసభ్యులు, పదిమంది కంటే ఎక్కువ ఉన్న బృందాలకు టికెట్లలో ప్రత్యేక రాయితీ ఉంది అని ఉంది. మెషీన్ పంపే జవాబని నేను చెప్పాను. అత్తగారు దాన్ని రెండుసార్లు చదివారు.

"డీఈవో ఆఫీసులో కనీసం 'పరిశీలనలో ఉన్నది' అని రాసేవాడు. అబద్ధమైనా మన విషయం మీద అబద్ధం," అన్నారు.

ఇన్నేళ్ల అభిమానంలో నేను ఆ జట్టు మీద కోపం తెచ్చుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. సిగ్గుపడటం అదే మొదలు. మా అత్తగారి ముందు నా తరఫువాళ్లెవరో తప్పుగా మాట్లాడినట్టు అనిపించింది.

ఆవిడ రిమైండర్ పెట్టలేదు. కూతుర్ని పిలిచి ఒకే మాట అన్నారు. "పంపేస్తారే. పంపేలోపు ఆయన ఆడగా ఒక్కసారి కళ్లారా చూడాలి. టీవీలో కాదు."

నా భార్య ఆ రాత్రే టికెట్లు తీసింది. డెడ్‌లైన్‌కి ముందురోజు, బుధవారం సాయంత్రం ఆట. పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టుతో.

బుధవారం మంచు పడింది. చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద నా భార్య పాత కోటు, దాని మీద నా మఫ్లరు వేసుకుని, బూట్లతో రైలెక్కి, అత్తగారు డౌన్‌టౌన్ వచ్చారు. స్టేడియం లోపల మెట్లు నిటారుగా ఉన్నాయి. మా సీట్లు పైవరసల్లో ఉన్నాయి. కింద ఆటగాళ్లు వార్మప్ చేస్తున్నారు. ఆవిడ ఊపిరి తీసుకోకముందే వెతకడం మొదలుపెట్టారు.

"మాస్టారేరీ?"

నేనూ వెతికాను. బెంచి చివర, ముదురు నీలం సూటులో, కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. సూటులో ఉన్నాడంటే ఆడడు. నా ఫోన్ మోగింది. కరీంనగర్ కుర్రాడి మెసేజ్. 'అన్నా, దెబ్బ గిబ్బ ఏం లేదు. కావాల్నని ఆపిన్రు. అంటే పోయినట్టే.'

దాని అర్థం ఇది. బేరం దాదాపు కుదిరింది. ఈలోగా ఆయనకేమైనా దెబ్బ తగిలితే బేరం చెడుతుంది. అందుకని ఆడనివ్వరు. అమ్మకానికి పెట్టిన కారును ఎవరైనా గీత గీస్తారేమోనని ఇంటి ముందు డ్రైవ్‌వేలోంచి కదపకుండా ఉంచుతారు చూడండి, అలా. తేడా ఏమిటంటే కారును జనం ముందు కూర్చోబెట్టి నవ్వమనరు.

అత్తగారికి చెప్పాను. ఆవిడ ఆట సాగినంతసేపూ బంతి వైపు చూడలేదు, బెంచి చివరే చూశారు. ఆ మనిషి సూటులోనే లేచి నిలబడి కుర్రాళ్లకి వేలు చూపిస్తున్నాడు. ఒక కుర్రాడు బెంచి దగ్గర జారిపడితే, వంగి, టై ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి అందించాడు. పక్కనే ఉన్న కోచ్ గడియారం చూసుకుంటున్నాడు. రేపు ఉండడని తెలిసి, ఎవరికీ పట్టని ఆటలో, ఆ మనిషి తన పీరియడ్ తను పూర్తిగా తీసుకున్నాడు. మావాళ్లు ఓడిపోయారు. ఆ విషయం ఎవరికీ ఆశ్చర్యం కలిగించలేదు.

తిరుగు రైల్లో అత్తగారు ఒకే మాట అన్నారు. "సూటు బాగుంది."

గురువారం మధ్యాహ్నం నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. టేబుల్ కింద ఫోన్ చూసుకున్నాను. పంపేశారు. కారిడార్‌లోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. అత్తగారే ఎత్తారు.

"ఆయన బదులు ఎవరొస్తున్నారు?" అన్నారు.

"ఎవరూ రావట్లేదండీ. ఇంకా చాలా ఏళ్లకి, కొత్త కుర్రాళ్లను ఎంచుకునేటప్పుడు ఒకణ్ణి అదనంగా ఎంచుకునే హక్కు అవతలి జట్టువాళ్లు మనవాళ్లకి ఇచ్చారు. అదీ రెండో వరసలో."

"ఆ కుర్రాడెక్కడున్నాడిప్పుడు?"

"ఎవరో ఇంకా తెలీదండీ. ఏడో తరగతో ఎనిమిదో చదువుతుంటాడు ఎక్కడో."

"మ్యూచువల్ కూడా కాదన్నమాట," అన్నారు. ఒకరి స్థానంలోకి ఒకరు వెళ్లే బదిలీని అక్కడ మ్యూచువల్ అంటారు. టీచర్లలో అది కాస్త గౌరవమైన బదిలీ. కనీసం అవతల ఒక మనిషి ఉంటాడు.

సాయంత్రం నేను ఇంటికొచ్చి, ఇకపై ఈ జట్టు ఆట నా ఇంట్లో నడవదని ప్రకటించాను. దీన్ని ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అత్తగారు మాత్రం, "ఆ కొత్త జట్టు ఆటలు మనకి వస్తాయా బాబూ?" అని అడిగారు. వస్తాయి. చూశాం. మాస్టారు అక్కడా బెంచి చివరే. భార్యాబిడ్డలు ఇక్కడే ఉండిపోయారని కరీంనగర్ కుర్రాడు చెప్పాడు. ఆ ఒక్కటి మాత్రం పుకారైతే బాగుండుననుకున్నాను.

మార్చిలో ఆ కొత్త జట్టు మా నగరానికి ఆడటానికి వచ్చింది. అత్తగారి తిరుగు ప్రయాణం అప్పటికి దగ్గర పడింది. నా భార్య మళ్లీ టికెట్ల మాట ఎత్తింది. ఆ గుమ్మం తొక్కేది లేదన్నాను. అత్తగారు నా వైపు తిరిగి, కొత్తగా చేరిన అసిస్టెంటుకి చెప్పినంత ఓపికగా చెప్పారు.

"మనం వీళ్ల కోసం వెళ్లట్లేదు కదా బాబూ. అవతలివాళ్ల తరఫున వెళ్తున్నాం."

వెళ్లాం. ఈసారి మాస్టారు సూటులో లేడు. వేరే రంగు బట్టల్లో, మోకాలికి అదే పట్టీతో, వార్మప్ చేస్తున్నాడు. అత్తగారు కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు.

మొదటి విరామంలో దీపాలు తగ్గించారు. పెద్ద తెర మీద మాస్టారి వీడియో వేశారు. మావాళ్ల బట్టల్లో ఆయన ఆడిన ఆటలు, కుర్రాళ్లను లేపిన దృశ్యాలు, కూతురితో నవ్వుతున్న ఫోటో, వెనక సన్నాయి లాంటి సంగీతం. చివర్లో 'ఎప్పటికీ మా కుటుంబమే' అని అక్షరాలు పడ్డాయి. స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. మా వెనక సీటాయన మాస్టారి పాత నంబరున్న చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. నాకూ చప్పట్లు కొట్టాలనిపించి, చేతులు సగం పైకి వచ్చాయి. అత్తగారు కూర్చునే ఉన్నారు.

"వీడ్కోలు సభ," అన్నారు. "మాకూ పెట్టేవారు. బదిలీ చేయించినవాడే ముందుకొచ్చి శాలువా కప్పేవాడు. మేం నవ్వాలి, ఫోటో తీస్తారు కదా."

కింద మాస్టారు ఒక చెయ్యి ఎత్తి అందరికీ ఊపుతున్నాడు. నవ్వుతున్నాడు. నేను చేతులు దించుకున్నాను.

చివరి క్వార్టర్లో దింపారు. అత్తగారు నా మోచెయ్యి పట్టుకున్నారు. పట్టుకున్న సంగతి ఆవిడకి తెలిసినట్టు లేదు. మాస్టారు వచ్చీ రాగానే తన పని మొదలుపెట్టాడు. అడ్డంగా నిలబడ్డాడు, వాళ్ల కుర్రాడికి దారి దొరికింది, బంతి పడింది. పేరు కుర్రాడికి వెళ్లింది. "చూశారా," అన్నారు అత్తగారు, ఆయన బుట్టలో వేసినంత గర్వంగా. తర్వాత ఒక తోపులాటలో ఆయన్ని మావాళ్లెవరో కింద పడేశారు. ఫౌల్. అలాంటప్పుడు ఎవరూ అడ్డం రాకుండా, గీత దగ్గర నిలబడి, రెండుసార్లు బంతి వేసే అవకాశం ఇస్తారు.

అవతలి జట్టువాడు అలా వేస్తుంటే గోల చేసి గురి తప్పించడం ఇక్కడి ప్రేక్షకుల ఆచారం. బాస్కెట్ వెనక ఉన్నవాళ్లంతా గాలి నింపిన కర్రలు ఊపుతూ లేచారు. స్టేడియం మొత్తం ఊళ వేసింది. ఇందాక లేచి నిలబడినవాళ్లే. మా వెనకాయన, మాస్టారి నంబరు గుండెల మీద పెట్టుకుని, రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిపట్టి, తప్పు, తప్పు, ముసలాడా తప్పు అని ఇంగ్లిష్‌లో అరుస్తున్నాడు. మొదటిది తప్పింది. ఆయన ఆనందంగా పక్కవాడి భుజం మీద కొట్టాడు.

అత్తగారు లేచి వెనక్కి తిరిగారు. స్కూల్ అసెంబ్లీలో ఆఖరి వరసదాకా వినపడే గొంతు అది. ఇంగ్లిష్‌లోనే అడిగారు.

"మీరు ఇందాక ఏడ్చారు కదా?"

ఆయన కంగారుపడ్డాడు. మంచివాడే. చేతులు దించి, సారీ మేడమ్ అన్నాడు. "ఇందులో పర్సనల్ ఏమీ లేదు మేడమ్. ఆయనంటే మాకందరికీ ఇష్టం. ఇది ఆట, అంతే."

అత్తగారు ఆయన్ని కాసేపు చూసి, నా వైపు తిరిగారు.

"పర్సనల్ ఏమీ లేదట బాబూ," అన్నారు తెలుగులో. "నా ప్రతి బదిలీ కాగితం మీదా ఇదే ఉండేది. వేరే మాటల్లో."

గోల మళ్లీ లేచింది. వెనకాయన మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. కింద గీత దగ్గర మాస్టారు బంతిని రెండుసార్లు నేలకి కొట్టి, మోకాలు కాస్త వంచి, పైకి వేశాడు. పడింది. మా వరసలో చప్పట్లు కొట్టింది మేమిద్దరమే. చుట్టూ ఉన్నవాళ్లు మమ్మల్ని అవతలి ఊరివాళ్లమనుకున్నారు. నేను కాదనలేదు.